గజం నేల కూడా మిగల్చని చెరకు: బార్బడోస్ తోటల కథ

వెస్టిండీస్ క్రికెట్ జట్ల పాత జాబితాలు ముందేసుకుని కూర్చుంటే ఒక సంగతి కంటపడుతుంది. రోహన్ కన్హాయ్, ఆల్విన్ కాళీచరణ్, శివనారాయణ్ చందర్‌పాల్ గయానా వాళ్లు. సోనీ రామదీన్, సునీల్ నరైన్ ట్రినిడాడ్ వాళ్లు. చెరకు తోటల్లో పనికి భారతదేశం నుంచి ఓడెక్కిన కూలీల వారసులు వీళ్లు. అదే బార్బడోస్ వైపు చూస్తే ఫ్రాంక్ వోరెల్, గ్యారీ సోబర్స్, మాల్కమ్ మార్షల్, జోయెల్ గార్నర్. అంతా ఆఫ్రికా సంతతే. కరీబియన్‌లో ఇంగ్లిష్ వాళ్లు చక్కెర మీద కోట్లు గడించడం మొదలైందే బార్బడోస్‌లో. అలాంటి దీవి మన కూలీల ఓడల కోసం ఎందుకు ఎదురుచూడలేదు?

1838 నుంచి 1917 దాకా బ్రిటిష్ గయానాకు సుమారు 2,39,000 మంది, 1845 నుంచి ట్రినిడాడ్‌కు సుమారు 1,44,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. ఎక్కువ మంది కలకత్తా రేవు నుంచి వెళ్లినవాళ్లే. మద్రాసు రేవులో ఎక్కినవాళ్లలో తమిళ జిల్లాల వాళ్లతో పాటు తెలుగు జిల్లాల వాళ్లూ ఉన్నారు. అక్కడ అందరినీ కలిపి ‘మద్రాసీలు’ అనేవారు. ఫ్రెంచి దీవి గ్వాడెలూప్‌కు పుదుచ్చేరి, కారైకాల్ మీదుగా మరో 42,000 మంది చేరారు. ఇవన్నీ బానిసత్వం రద్దయ్యాక తోటల యజమానులకు మనుషులు దొరక్క చేసిన ఏర్పాట్లు. బార్బడోస్ యజమానులకు మాత్రం ఆ ఇబ్బంది రాలేదు. విడుదలైన బానిసలు మర్నాడు మళ్లీ అదే తోటలోకి పనికి రాక తప్పని పరిస్థితి అక్కడ ఉంది. ఆ పరిస్థితి 1838లో హఠాత్తుగా పుట్టలేదు. దాన్ని కట్టుకుంటూ రావడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. అందులో కొరడా పాత్ర అందరికీ తెలిసిందే. నేల పాత్ర గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

బార్బడోస్ చిన్న దీవి. విస్తీర్ణం సుమారు 430 చదరపు కిలోమీటర్లు, ఎకరాల్లో చెప్పాలంటే లక్షా ఆరు వేలు. చుట్టుపక్కల దీవుల్లా అగ్నిపర్వతాల కొండలు ఉండవు. ఎక్కువ భాగం పగడపు సున్నపురాతి నేల, పైన పల్చటి మట్టి. దీవుల వరుసకు తూర్పున అట్లాంటిక్‌లో విడిగా ఉంటుంది కాబట్టి తూర్పు నుంచి వచ్చే వ్యాపార పవనాలు ముందు దీన్నే తాకుతాయి. తెరచాప ఓడల కాలంలో గాలికి ఎదురొచ్చి దీని మీద దాడి చేయడం కష్టం. మిగతా దీవులు ఇంగ్లిష్, ఫ్రెంచి, స్పానిష్ వాళ్ల చేతులు మారుతూ ఉంటే, ఇది 1627 నుంచి 1966 దాకా ఒక్కసారి కూడా బ్రిటన్ చేయి దాటలేదు. ఈ నిలకడ యజమానులకు వరమైంది. పారిపోయి దాక్కోవడానికి కొండలూ కోనలూ లేకపోవడం బానిసలకు శాపమైంది. జమైకా కొండల్లో పారిపోయిన బానిసలు సొంత ఊళ్లు కట్టుకుని ఇంగ్లిష్ సైన్యంతో పోరాడి ఒప్పందాలు రాయించుకున్నారు. బార్బడోస్‌లో అడవి నరికేశాక అలాంటి చోటు మిగల్లేదు. తెగించినవాళ్లు పడవ మీద పడమటికి, సెయింట్ విన్సెంట్ దీవికి పోవడమే దారి.

1627 ఫిబ్రవరిలో ‘విలియం అండ్ జాన్’ అనే ఓడలో సుమారు 80 మంది ఇంగ్లిష్ వాళ్లు, పది మంది దాకా ఆఫ్రికన్ బందీలు దిగేనాటికి దీవిలో ఆదివాసులెవరూ లేరు. మొదట వేసింది పొగాకు, తర్వాత పత్తి, నీలిమందు. పొగాకు నాసిరకం, లండన్‌లో ధర పలకలేదు. అప్పట్లో కమతాలు చిన్నవి. పని చేసింది ఎక్కువగా ఇంగ్లండ్, ఐర్లండ్, స్కాట్లండ్ నుంచి కొన్నేళ్ల ఒప్పందం మీద వచ్చిన, లేదా బలవంతంగా పట్టుకొచ్చిన తెల్ల కూలీలు. గడువు తీరాక కొంత భూమి దక్కుతుందన్న ఆశ వాళ్లను నడిపించింది.

1640ల్లో చెరకు వచ్చింది. బ్రెజిల్ ఈశాన్యాన పెర్నాంబుకో ప్రాంతం అప్పుడు డచ్చివాళ్ల చేతిలో ఉంది. పంట వేయడం, రసం తీయడం, పాకం పట్టడం అక్కడి నుంచే నేర్చుకున్నారు. ముందుగా దిగినవాళ్లలో జేమ్స్ డ్రాక్స్ ఒకడు. పెట్టుబడి డచ్చివాళ్లదా, లండన్ వర్తకులదా అన్న మీద చరిత్రకారుల్లో వాదన ఉంది. ఇటీవలి పరిశోధన లండన్ వైపే మొగ్గుతోంది. పెట్టుబడి ఎవరిదైనా భూమి ధర ఏమైందో చూస్తే చాలు. 1647లో దీవికి వచ్చి మూడేళ్లు ఉన్న రిచర్డ్ లిగన్ అనే ఇంగ్లిష్‌వాడు లెక్క రాసిపెట్టాడు. చెరకు రాకముందు 400 పౌండ్లకు దొరికే 500 ఎకరాల తోటలో సగం వాటాను, అతనితో వచ్చిన థామస్ మోడిఫోర్డ్ 7,000 పౌండ్లకు కొన్నాడు. అంటే పూర్తి తోట విలువ ముప్పై అయిదు రెట్లు పెరిగినట్టు. ఒప్పందం ముగించుకున్న ఐరిష్ కూలీకి ఆ దీవిలో భూమి అన్నమాట అక్కడితో కల్ల.

చెరకుతోనే ఇది ఎందుకు జరిగింది, పొగాకుతో ఎందుకు జరగలేదు? సమాధానం పంట స్వభావంలో ఉంది. అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. నరికిన చెరకు ఆగదు. గడ వెంటనే గానుగకు చేరాలి, రసం వెంటనే పెనం మీదికి ఎక్కాలి, లేదంటే పులిసిపోతుంది. కోత, గానుగ, వంట మూడూ ఒకే గొలుసు. అందుకే తోట పక్కనే గానుగ కావాలి, గానుగ ఖాళీగా ఉండకుండా ఎకరాలకు ఎకరాలు చెరకు కావాలి, రాత్రీ పగలూ పని చేసే మనుషులు కావాలి. ఇంతా కలిపితే అది వ్యవసాయం కాదు, యూరప్‌లో ఫ్యాక్టరీలు రావడానికి వందేళ్ల ముందే వచ్చిన ఫ్యాక్టరీ. నిలువుగా నిలబెట్టిన మూడు రోలర్ల గానుగ, దాన్ని తిప్పడానికి మొదట పశువులు, తర్వాత గాలిమరలు. వ్యాపార పవనాలు ఏడాది పొడవునా వీచే ఆ దీవిలో గాలిమరలు వందల్లో లేచాయి. వంటశాలలో పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా రాగి పెనాలు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి రసం తోడుతూ, సున్నం కలిపి మురికి తెట్టు తీస్తూ, చివరి చిన్న పెనంలో పాకం ముదిరిన క్షణాన దింపేయాలి. ఆ క్షణాన్ని కనిపెట్టే మనిషి తోట మొత్తంలో విలువైన పనివాడు. అతనూ బానిసే. చల్లారిన ముద్దను అడుగున కన్నం ఉన్న మట్టి కుండల్లో పోసి నెలల తరబడి మడ్డి కారనిస్తే మిగిలేది ముదురు రంగు చక్కెర. కారిన మడ్డితో రమ్ కాచేవారు. నిద్రలేని రాత్రి షిఫ్టుల్లో గానుగకు గడలు అందించే మనిషి చేయి రోలర్ల మధ్య ఇరుక్కుంటే వెంటనే నరికేయడానికి పక్కనే గొడ్డలి పెట్టుకునేవారని ఆనాటి వాళ్లు రాశారు. రోలర్లు ఆపడానికి పట్టే సమయంలో మనిషే నలిగిపోతాడు కాబట్టి.

ఇంత సరంజామా పెట్టగలిగింది కొద్దిమందే. మిగతావాళ్లు భూమి అమ్ముకుని వెళ్లిపోయారు. కొందరు 1655 తర్వాత జమైకాకు, కొందరు ఉత్తర అమెరికాలో 1670లో మొదలైన కరోలినా వలసకు. 1680లో జరిగిన లెక్కల ప్రకారం దీవిలో భూమిలోనూ బానిసల్లోనూ సగానికి పైగా 175 మంది పెద్ద యజమానుల చేతిలో ఉంది. యాభై ఏళ్ల కిందట చిన్న కమతాలతో మొదలైన దీవి అది! శ్రామికుల రంగు కూడా ఈ లోపే మారింది. 1640లో దాదాపు అంతా తెల్లవాళ్లే. 1680కి తెల్లవాళ్లు ఇరవై వేల లోపు, నల్ల బానిసలు ముప్పై ఎనిమిది వేల పైన.

మెజారిటీ మనుషులను ఆస్తిగా ఉంచాలంటే చట్టం కావాలి. 1639 నుంచే అసెంబ్లీ ఉందని బార్బడోస్ ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటుంది. పశ్చిమార్ధగోళంలో అతి పాత చట్టసభల్లో అదొకటన్న మాట నిజమే. ఆ సభ చేసిన పనుల్లో ప్రపంచం మీద ఎక్కువ ముద్ర వేసింది మాత్రం 1661 నాటి బానిస చట్టం. యజమాని శిక్షిస్తున్నప్పుడు బానిస చనిపోతే నేరం కాదని అందులో రాశారు. కావాలని, క్రూరంగా చంపితే? సొంత బానిసైతే జరిమానా 3,000 పౌన్ల చక్కెర. ప్రాణం ఖరీదును కూడా ఆ ప్రాణం తీసిన సరుకుతోనే కట్టించారు. 1688లో దాన్ని 15 పౌండ్ల డబ్బుగా మార్చారు. బానిసను హత్య చేయడం మరణశిక్ష పడే నేరం కావడానికి 1805 దాకా ఆగాల్సి వచ్చింది. 1661 చట్టం బార్బడోస్‌తో ఆగలేదు. జమైకా 1664లో నకలు తీసుకుంది, తర్వాత దక్షిణ కరోలినా, ఆంటిగ్వా. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసత్వం ఎలా ఉండబోతోందో బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో కూర్చున్న తోట యజమానులు ముందే ముసాయిదా రాసిచ్చారన్నమాట.

నేల మీద లెక్క

యజమానులకు తోచిన తర్కం సూటిగా ఉండేది. ఎకరంలో జొన్న వేస్తే తిండి వస్తుంది, చెరకు వేస్తే ఆ తిండికి ఎన్నో రెట్ల డబ్బు వస్తుంది. కాబట్టి తిండి కొనుక్కుందాం. 1647లోనే ఒకాయన మాసచూసెట్స్ గవర్నర్ జాన్ విన్త్రాప్‌కు ఉత్తరం రాస్తూ, ఇక్కడివాళ్లు చక్కెర పిచ్చిలో పడి ఎంత ధరైనా పెట్టి తిండి కొంటున్నారే తప్ప పండించుకోవడం లేదని చెప్పాడు. మాసచూసెట్స్ ఉన్న ఉత్తర అమెరికా ఈశాన్య తీరం, అంటే న్యూ ఇంగ్లండ్, రేవులకు అదే వ్యాపారమైంది. ఎండబెట్టిన ఉప్పు చేప, కలప, గుర్రాలు ఇటు, చక్కెర, మడ్డి అటు. జమైకాలో బానిసలకు కొండవాలుల్లో తిండిగింజలు, దుంపలు పండించుకునే తావులు వదిలారు, అదనంగా పండింది ఆదివారం సంతలో అమ్ముకునేవారు. బార్బడోస్‌లో ఇళ్ల పక్కన పెరడంత జాగా తప్ప మిగల్లేదు. వారానికి ఇన్ని గింజలు, ఇంత చేప అని యజమాని కొలిచి ఇచ్చే భత్యమే ఆధారం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చి న్యూ ఇంగ్లండ్ ఓడలు ఆగిపోగానే ఆ దీవిలో ఆకలి మొదలైంది. తర్వాత యజమానులు కొంత జొన్న వేయించడం మొదలుపెట్టారు గానీ అదీ ఎస్టేటు పొలంలో, ఎస్టేటు లెక్కలోనే.

అడవి 1660ల నాటికే దాదాపు అయిపోయింది. పెనాల కింద మంటకు చెరకు పిప్పి వాడాల్సి వచ్చింది, కలప, బొగ్గు బయటి నుంచి తెప్పించారు. చెట్టు లేని నేల వానకు కొట్టుకుపోతుంటే దాన్ని ఆపడానికి కొత్త పద్ధతి కనిపెట్టారు. పొలమంతా చదరాలుగా గీసి, ఒక్కో చదరంలో గుంట తవ్వి, చుట్టూ గట్టు మిగిల్చి, గుంటలో ముచ్చెలు పెట్టి పెంట వేయడం. నేలకు ఇది మేలే చేసింది, కోత తగ్గింది. ఆ మేలు బానిసల వీపుల మీద జరిగింది. నాగలికి చోటు లేదు, అంతా చేతి పారే. గుంటకో గంప చొప్పున పశువుల పెంట నెత్తిన మోసేవారు. ఆ పంపకంలో మనుషులను ముఠాలుగా కట్టారు: బలంగా ఉన్న ఆడా మగా మొదటి ముఠా, కుర్రవాళ్లు, బాలింతలు, కోలుకుంటున్నవాళ్లు రెండో ముఠా, పిల్లలు మూడో ముఠా. పిల్లలది గడ్డి కోసే, కలుపు ఏరే పని. మొదటి ముఠాల్లో చాలా చోట్ల ఆడవాళ్లే ఎక్కువ. నైపుణ్యం ఉన్న పనులన్నీ మగవాళ్లకు పోయేవి కాబట్టి పార పట్టింది స్త్రీలు.

దీని ఫలితం ఏమిటో బ్రిడ్జ్‌టౌన్‌కు కొద్ది దూరంలోని న్యూటన్ ఎస్టేటు శ్మశానం చెప్పింది. సుమారు 570 మంది బానిసలను పాతిపెట్టిన ఆ చోట 1970ల్లో జెరోమ్ హ్యాండ్లర్ బృందం తవ్వకాలు జరిపింది. పళ్ల మీద చిన్నప్పటి పోషకాహార లోపం గీతలు, ఎముకల్లో సీసం. సీసం బహుశా రమ్ కాచే సామాను నుంచి వచ్చింది. తక్కువ వయసు మరణాలు. మొత్తం లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. బానిస వ్యాపారం నడిచిన కాలంలో బార్బడోస్ రేవులో సుమారు 4.9 లక్షల మంది ఆఫ్రికన్లను దించారు. కొందరిని అక్కడి నుంచి వేరే చోట్లకు తరలించారు, నిజమే. అయినా 1834లో లెక్క తేలిన బానిసలు 83 వేల మంది.

మతం దీని నుంచి చేతులు దులుపుకోలేదు. 1710లో చనిపోయిన క్రిస్టఫర్ కాడ్రింగ్టన్ తన రెండు తోటలను బానిసలతో సహా ఇంగ్లండ్ చర్చికి చెందిన మత ప్రచార సంఘానికి రాసిచ్చాడు. 300 మంది బానిసలు ఎప్పుడూ ఉండేలా చూడాలన్నది వీలునామా షరతు. ఆ సంఘం కొంతకాలం పాటు తన బానిసల రొమ్ముల మీద ‘సొసైటీ’ అని వాత పెట్టించింది. చర్చి క్షమాపణ 2006లో వచ్చింది. డబ్బు ఎటు పోయిందో చూడాలంటే లాసెల్స్ కుటుంబాన్ని చూడాలి. హెన్రీ లాసెల్స్ బ్రిడ్జ్‌టౌన్‌లో కస్టమ్స్ వసూలుదారు, తోటలకు అప్పులిచ్చే వర్తకుడు. అప్పు తీర్చలేని తోటలు తర్వాత ఆ కుటుంబం చేతికి వచ్చాయి. యార్క్‌షైర్‌లోని హేర్‌వుడ్ భవనం ఆ సంపదతో కట్టిందే.

1816 ఏప్రిల్ 14, ఈస్టర్ ఆదివారం రాత్రి తూర్పున సెయింట్ ఫిలిప్ ప్రాంతంలో చెరకు చేలు అంటుకున్నాయి. బేలీస్ తోటలో ముందు నడిచింది బుస్సా అనే ఆఫ్రికన్, అక్కడ పొలాలు చూసుకునే రేంజర్ పని చేసేవాడు. సిమ్మన్స్ తోటలో ఇంటి పని చేసే నానీ గ్రిగ్ పాత్ర ఆసక్తికరం. ఆమెకు పత్రికలు చదవడం వచ్చు. లండన్‌లో బానిసల పేర్లు నమోదు చేయించే బిల్లు మీద చర్చ జరుగుతోంది. ఆ వార్తలు చూసి ఆమె, కొత్త సంవత్సరానికి స్వేచ్ఛ రావాల్సింది, ఇవ్వకపోతే సెయింట్ డొమింగోలో చేసినట్టు పోరాడాలి అని చెప్పినట్టు తర్వాత విచారణలో ఒక సాక్షి వాంగ్మూలం ఇచ్చాడు. సెయింట్ డొమింగో అంటే హైతీ. అక్కడ బానిసలు తిరగబడి 1804లో సొంత దేశమే పెట్టుకున్నారు. ఈ తిరుగుబాటులో దీవి చక్కెర పంటలో నాలుగో వంతు దాకా తగలబడిందని అంచనా. యజమానుల వైపు ప్రాణనష్టం నామమాత్రం. నల్లవాళ్లను వందల్లో చంపారు, మరికొందరిని దీవి దాటించారు. కొండలు లేని దీవిలో తిరుగుబాటు నాలుగు రోజులు కూడా నిలవలేదు. ఇక్కడా నేలే శత్రువైంది.

విడుదలైనా కదలలేని మనుషులు

1834 ఆగస్టు 1న బానిసత్వం చట్టపరంగా రద్దయింది. ‘శిక్షణ’ పేరుతో మరో నాలుగేళ్లు కూలి లేని పని చేయించుకుని, 1838 ఆగస్టు 1న పూర్తి విడుదల ఇచ్చారు. పరిహారం కింద బ్రిటన్ 2 కోట్ల పౌండ్లు చెల్లించింది, అది ఆనాటి ప్రభుత్వ వార్షికాదాయంలో సుమారు 40 శాతం. ఆ డబ్బు వెళ్లింది యజమానులకు. బార్బడోస్ యజమానుల వాటా సుమారు 17 లక్షల పౌండ్లు. ఇందుకోసం తెచ్చిన అప్పు తాలూకు చివరి బకాయిలు 2015లో తీరాయని బ్రిటిష్ ఖజానా శాఖే చెప్పింది. విడుదలైనవాళ్లకు పరిహారం లేదు, గజం భూమి లేదు.

ఇదే సమయంలో గయానాలో జరిగింది పక్కన పెట్టి చూడాలి. 1839 నవంబరులో అక్కడ 83 మంది మాజీ బానిసలు దాచుకున్న డబ్బంతా పోగేసి నార్త్‌బ్రూక్ అనే పాడుబడ్డ తోటను 30,000 గిల్డర్లకు కొన్నారు. దానికి విక్టోరియా అని పేరు పెట్టుకుని ఊరు కట్టుకున్నారు. వాళ్ల వెనక ఎన్నో ఊళ్లు అలా వెలిశాయి. ట్రినిడాడ్‌లోనూ ఖాళీ నేల బోలెడు. జనం తోట వదిలి నడిచిపోతే యజమానికి కూలి పెంచడమో, కొత్త మనుషులను తేవడమో తప్ప గత్యంతరం లేదు. కొత్త మనుషులను తెచ్చుకున్నారు. కలకత్తాలో, మద్రాసులో దళారులు కరువు ప్రాంతాల మీద వల వేశారు. అలా వెళ్లినవాళ్లను కట్టేయడానికి గయానాలో, ట్రినిడాడ్‌లో గిర్మిట్ అనే కూలి ఒప్పందం కాగితం, తోట దాటితే చీటీ చూపించాలన్న నిబంధన, పని మానితే జైలు అవసరమయ్యాయి. ఖాళీ భూమి ఉన్న చోట మనిషిని కాగితంతో కట్టాలి. ఖాళీ భూమి లేని చోట ఆ కాగితం అక్కర్లేదు.

బార్బడోస్‌లో లక్షా ఆరు వేల ఎకరాల్లో దాదాపు లక్ష ఎస్టేట్లవే. జనం లక్ష దాకా ఉన్నారు. పైగా మిగతా చక్కెర దీవుల్లో బానిసలు పుట్టేకంటే చచ్చేది ఎక్కువగా ఉంటే, ఇక్కడ 1800ల మొదటి దశాబ్దాల నాటికి పుట్టుకలే ఎక్కువయ్యాయి. 1807లో బ్రిటన్ బానిసల రవాణా నిషేధించినా ఇక్కడి యజమానులకు పెద్ద చిక్కు రాలేదు. కావలసినంత మంది మనుషులు, కొనడానికి దొరకని నేల. ఈ రెంటినీ కలిపి 1840లో ఒక చట్టం చేశారు. తోట ఇంట్లో ఉండాలంటే ఆ తోటలోనే పని చేయాలి. మానేస్తే నెల రోజుల నోటీసుతో ఖాళీ చేయించవచ్చు, పెరట్లో వేసిన పంట పోయినట్టే. అద్దె, కూలి ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. ఇలా తోటకు కట్టుబడ్డ కూలీకి బయటి కూలీ కంటే తక్కువ ఇచ్చేవారు. గయానా, ట్రినిడాడ్ ఎక్కువ కూలి ఆశ చూపితే, జనాన్ని తీసుకుపోయే ఏజెంట్ల మీద అసెంబ్లీ ఆంక్షలు పెట్టింది. ఓటుకు ఆస్తి అర్హత ఉన్న ఆ అసెంబ్లీలో 1843లో గెలిచిన మొదటి నల్లజాతి సంతతి సభ్యుడు శామ్యూల్ జాక్‌మన్ ప్రెస్కాడ్ ఈ చట్టం మీద ఎంత గొంతు చించుకున్నా అది కదల్లేదు. 1937 దాకా అమల్లో ఉంది.

ఆ వందేళ్లు ఎలా బతికారో చెప్పేది అక్కడి చాటెల్ హౌస్. చెక్కతో కట్టిన ఒకటి రెండు గదుల చిన్న ఇల్లు, పునాది ఉండదు, రాళ్ల దిమ్మెల మీద నిలబెడతారు. గోడలు పలకలు పలకలుగా ఊడొస్తాయి. ఇల్లు కూలీది, కింద నేల ఎస్టేటుది. మానేజరుతో తగువొస్తే ఇల్లు విప్పి బండి మీద వేసుకుని ఇంకో తోటకు పోవాలి. ఇవాళ పర్యాటకుల కెమెరాలకు ఆ రంగురంగుల ఇళ్లు ముచ్చటగా కనిపిస్తాయి. వాటి అందమైన కొలతలన్నీ రేపు ఖాళీ చేయమంటే ఎలా అన్న భయంతో గీసినవే. కిక్కిరిసిన జనం, చాలని కూలి ఉన్న ఆ దీవిలో 1854లో కలరా ఇరవై వేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది.

యూరప్‌లో బీట్ చక్కెర పోటీకి వచ్చి 1880ల్లో ధర కుప్పకూలినప్పుడు మిగతా దీవుల్లో తోటలు మూతపడ్డాయి. బార్బడోస్ యజమానులు నెట్టుకొచ్చారు, ఎందుకంటే వాళ్ల దగ్గర అందరికంటే చవకైన కూలి ఉంది. మూత పడకపోవడాన్ని వాళ్ల సమర్థతగా రాసిన చరిత్రలు ఉన్నాయి. ఆ సమర్థతలో కూలీల ఆకలి ఎంతో లెక్క కట్టకుండా ఆ మాట అనడం కష్టం.

కట్టు వదలడం బయటి నుంచి మొదలైంది. 1904 నుంచి 1914 దాకా పనామా కాలువ తవ్వకానికి అమెరికా అధికారులు దాదాపు 20 వేల మంది బార్బడోస్ మగవాళ్లను ఒప్పందం మీద తీసుకెళ్లారు. సొంతంగా వెళ్లినవాళ్లు ఇంకా ఎక్కువ. బురదలో, పేలుళ్లలో, జ్వరాల్లో ఎందరో పోయారు. బతికినవాళ్లు పంపిన డబ్బుతో ఇంటివాళ్లు మొదటిసారి భూమి కొన్నారు. అప్పుల్లో ఉన్న కొన్ని తోటలను దళారులు ముక్కలు చేసి అమ్మారు. అలా కొన్ని కొత్త ఊళ్లు పుట్టాయి. భూమి ధర కట్టింది బార్బడోస్ చెరకు కాదు, పనామా మట్టి. తర్వాత ధరలు మళ్లీ పడి, వలస దారులు మూతపడి, 1937 జులైలో క్లెమెంట్ పేన్ అనే కార్మిక నాయకుణ్ణి దేశం నుంచి పంపించేయగానే బ్రిడ్జ్‌టౌన్ భగ్గుమంది. పోలీసు కాల్పుల్లో 14 మంది చనిపోయారు. ఆ తర్వాతే కార్మిక సంఘాలు, గ్రాంట్లీ ఆడమ్స్ నాయకత్వం, 1951లో వయోజన ఓటు హక్కుతో ఎన్నికలు, 1966 నవంబరు 30న స్వాతంత్ర్యం. 2021లో అదే తేదీన రాణిని దేశాధినేత పదవి నుంచి తొలగించి రిపబ్లిక్ అయ్యారు.

ఎస్టేటు నేల మీద తరతరాలుగా ఇల్లు పెట్టుకున్నవాళ్లకు ఆ చోటు కొనుక్కునే హక్కు స్వాతంత్ర్యం వచ్చాక కూడా 14 ఏళ్లకు, 1980 చట్టంతో వచ్చింది. ఎస్టేటు కాలనీల్లో ధర చదరపు అడుగుకు 10 సెంట్లని చట్టంలోనే రాశారు. ఎకరానికి లెక్క కడితే 4,356 బార్బడోస్ డాలర్లు. దీవి చరిత్రలో భూమి విషయంలో ఇంతకు మించిన మార్పు మరొకటి లేదని చెప్పవచ్చు. ఆడంబరం లేకుండా జరిగింది కాబట్టి బయట ఎవరికీ పెద్దగా తెలియదు.

చెరకు ఇప్పుడు దాదాపు పోయింది. 1960ల్లో ఏటా రెండు లక్షల టన్నుల దాకా చక్కెర తీసిన దీవిలో ఒక్క పోర్ట్‌వేల్ ఫ్యాక్టరీ మిగిలింది. చెరకు చేలు కొన్ని గోల్ఫ్ మైదానాలయ్యాయి, కొన్ని ఇళ్ల స్థలాలయ్యాయి. డ్రాక్స్ హాల్ మాత్రం అలాగే ఉంది. 1640ల్లో చెరకు తెచ్చిన జేమ్స్ డ్రాక్స్ తోట అది. ఇప్పటికీ ఆ కుటుంబానిదే. వారసుడు రిచర్డ్ డ్రాక్స్ 2024 దాకా బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు. ఆ ఏడాది బార్బడోస్ ప్రభుత్వం అక్కడ 53 ఎకరాలు సుమారు 30 లక్షల పౌండ్లకు కొని, సామాన్యులకు 500 ఇళ్లు కట్టాలనుకుంది. ఎకరానికి 56 వేల పౌండ్లకు పైగా. ధర విని జనం మండిపడ్డారు. పరిహారం ఇవ్వాల్సిన కుటుంబానికి మనమే డబ్బు కట్టడమేమిటని నష్టపరిహార ఉద్యమకారులు అడిగారు. ప్రధాని మియా మోట్లీ కొనుగోలును ఆపి ఉంచారు. 1980 చట్టం చదరపు అడుగుకు 10 సెంట్లు అని రాయగలిగింది ఎస్టేటు స్థలాల్లో ఇళ్లు వేసుకున్నవాళ్ల విషయంలోనే. డ్రాక్స్ హాల్ పొలాల్లో ఇళ్లు లేవు, ఉన్నది చెరకు. అందుకని ఆ చట్టం దాని జోలికి పోలేదు.